ఊరి కాలువ నుంచి తెచ్చిన నత్తలు గాజు తొట్టిలో వరుసగా చచ్చిపోతున్నాయి, ఏం తప్పు చేస్తున్నాను?

కలువతొట్టి (హైదరాబాద్) | జూన్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సెలవులకి తెనాలి దగ్గర మా పుట్టింటికి వెళ్లినప్పుడు మావాడు (ఏడో తరగతి) పంట కాలువ గట్టున నత్తలు చూసి ఒకటే గొడవ, ఇంటికి తీసుకెళ్దామని. సరే అని ఒక డబ్బాలో కాలువ నీళ్లు పోసి కొన్ని తెచ్చాం. నిమ్మకాయంత లావున్నవి మూడు, గోధుమరంగు మీద నల్ల చారలున్నవి ఎనిమిది, మొనదేలిన పల్చటి చిన్నవి చాలా ఉన్నాయి, అవి లెక్కపెట్టలేదు.

పక్కింటివాళ్లు వాడకుండా పెట్టిన చేపల గాజు తొట్టి, అందులోని రంగు గులకరాళ్లతో సహా ఇచ్చారు. నీళ్లు శుభ్రంగా ఉండాలని ఆర్వో నీళ్లే అంచు దాకా నింపాను. పాకి బయటికి వస్తాయేమోనని పైన గాజు పలక కప్పాను. రోజూ నాలుగు మెతుకులు అన్నం వేస్తున్నాం. ఈరోజుకి తొమ్మిది రోజులు. చారలున్నవి ఐదు చచ్చిపోయాయి, పెద్దది ఒకటి చచ్చి వాసన కొట్టింది. మిగిలిన రెండు పెద్దవి గుల్ల నోటి మూత బిగించుకుని మూలకి పడి ఉన్నాయి, మూడు రోజులుగా కదల్లేదు. చిన్నవన్నీ గాజు ఎక్కి పలక కింద అంటుకుని ఉన్నాయి, కిందికి తోసినా మళ్లీ ఎక్కేస్తున్నాయి. చచ్చిన వాటి గుల్ల మొన దగ్గర తెల్లగా గుంటలు పడ్డాయి. నీళ్లలో సున్నం లేక గుల్ల కరిగిపోయిందా?

వాడు బడి నుంచి రాగానే ముందు తొట్టి దగ్గరికే వెళ్తున్నాడు. ఈరోజు ఏడ్చాడు. దయచేసి ఎవరైనా చెప్పండి.

అక్వేరియం_వైజాగ్ | జూన్ 9, రాత్రి 10:15

అక్కా, ముందు ఆ గాజు పలక తీసేయండి, ఇప్పుడే. నీళ్లు నాలుగు వేళ్లు తగ్గించండి. అన్నం వేయడం ఆపేసి, కింద పడి ఉన్న మెతుకులన్నీ తీసేయండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

మిద్దెతోట_విజయవాడ | జూన్ 9, రాత్రి 10:32

ఆర్వో నీళ్లే కారణం అనిపిస్తోంది. మా కలువ తొట్టిలో బోరు నీళ్లే పోస్తాను, నత్తలు ఎవరూ వేయకుండానే మొక్కల వేళ్లతో వచ్చి వందలైపోయాయి. నిజం చెప్పాలంటే నాకు అవి ఎలా పోతాయో కావాలి, మీకు ఎలా బతుకుతాయో కావాలి.

జువాలజీ_మాస్టారు (రాజమండ్రి) | జూన్ 10, ఉదయం 6:20

అమ్మా, మీ ఉత్తరం జాగ్రత్తగా చదివాను. మీరు అన్నీ గమనించి రాశారు కాబట్టి చెప్పడం తేలికైంది.

మొదట ఆ గుంటల సంగతి. ఆర్వో నీళ్లు నత్తకి మంచివి కావు, అది నిజమే. కానీ తొమ్మిది రోజుల్లో గుల్ల అంతగా తినేయదు. మొన అంటే నత్త పుట్టినప్పటి పాత భాగం. పై పొర అరిగిపోయాక నీళ్లలోని ఆమ్లం దాన్ని నెలల తరబడి మెల్లగా కొరుకుతుంది. ఆ గుంటలు కాలువలో ఉన్నప్పుడే పడినవి, చావుకి కారణం అవి కాదు.

అసలు విషయం ఏమిటంటే మీరు తెచ్చింది ఒక జీవి కాదు, మూడు రకాల జీవులు. మూడింటికీ నత్త అనే పేరే గానీ, గాలి పీల్చే పద్ధతే వేరు. నత్తని చేతిలోకి తీసుకుంటే మొదట చూడాల్సింది మూత ఉందా లేదా అని.

నిమ్మకాయంతవి పైలా గ్లోబోసా. వాటికి గట్టి మూత ఉంటుంది. ఒకే ఒంట్లో మొప్ప, ఊపిరితిత్తి సంచి రెండూ ఉన్న ప్రాణి అది. నీళ్లలో ఆక్సిజన్ బాగుంటే మొప్పతో పీలుస్తుంది, నీళ్లు పాడైతే మెడ పక్కనున్న కండని గొట్టంలా చుట్టి నీటి మీదకి చాచి గాలి లాక్కుంటుంది. మీ తొట్టిలో అంచు దాకా నీళ్లు, పైన పలక. గొట్టం చాచడానికి జాగా ఎక్కడ? గాలి అందక, నీళ్లు సరిపడక, మూత బిగించుకుని కూర్చుంది.

చారలున్నవి బెల్లామ్యా బెంగాలెన్సిస్. వీటికీ మూత ఉంది కానీ ఊపిరితిత్తి లేదు, మొప్ప ఒక్కటే. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ తగ్గితే వీటికి వేరే దారి లేదు. అందుకే మీ దగ్గర ఇవే ముందు పోయాయి. అన్నం కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్ లాగేస్తుంది, పైగా అమోనియా పుడుతుంది.

మొనదేలిన పల్చటివి లిమ్నియా. మూత ఉండదు, మొప్ప ఉండదు, పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి. అవి గాజు ఎక్కడం అల్లరి కాదమ్మా, ఆ నీళ్లలో ఉండలేక పైకి వస్తున్నాయి. దయచేసి కిందికి తోయకండి.

ఆ రెండు పెద్దవాటిని ఇప్పుడే పారేయొద్దు. బయటికి తీసి వాసన చూడండి. చచ్చిన నత్త వాసన ఒక్కసారి చూస్తే మర్చిపోలేరు. వాసన లేకుండా మూత గట్టిగా బిగిసి ఉంటే అది బతికే ఉంది.

కలువతొట్టి (హైదరాబాద్) | జూన్ 10, ఉదయం 7:05

మాస్టారూ, చాలా థాంక్స్ అండీ. వాసన లేదు! రెండింటికీ లేదు. మూత గోరుతో మెల్లగా తడితే ఇంకా లోపలికి లాక్కున్నట్టు అనిపించింది. రాత్రి పలక తీసేశాక చిన్నవి చాలావరకు కాస్త కిందికి దిగాయి. కానీ ఉదయానికి చారలవి ఇంకొకటి పోయింది. ఇంక రెండే మిగిలాయి. నీళ్లు మార్చాను, ఈసారి మున్సిపల్ నీళ్లు ఒక రాత్రి బకెట్లో ఉంచి పోశాను.

అక్వేరియం_వైజాగ్ | జూన్ 10, ఉదయం 11:48

అక్కా, ఒక డౌట్. పక్కింటివాళ్ల తొట్టి అన్నారు కదా, వాళ్ల చేపలకి జబ్బు చేసిందా? ఏదైనా మందు వాడారా? అడిగి చూడండి. తెల్ల మచ్చల జబ్బుకి, పరాన్నజీవులకి వాడే మందుల్లో కొన్నింట్లో రాగి ఉంటుంది. చేపలు తట్టుకునే మోతాదు కూడా నత్తలకి విషమే. నీళ్లు పారబోసినా గులకరాళ్లలో, ముఖ్యంగా సున్నపు రాళ్లలో, అడుగు మట్టిలో మిగిలిపోయి మెల్లగా మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. కాలేజీ రోజుల్లో నాకు ఇలాగే ముప్పై దాకా పోయాయి, ఏడాది తర్వాత గానీ కారణం తెలియలేదు.

కలువతొట్టి (హైదరాబాద్) | జూన్ 10, సాయంత్రం 6:30

అడిగాను. పోయినేడాది చేపల ఒంటి మీద తెల్ల చుక్కలు వస్తే మందు వేశారట, సీసా ఇంకా ఉంది, దాని మీద కాపర్ సల్ఫేట్ అని రాసి ఉంది. మనసు చివుక్కుమంది. శుభ్రమైన నీళ్లు పోశానని అనుకుంటున్నాను, విషం రాళ్లలోనే ఉంది. తొట్టి, రాళ్లు అన్నీ తీసేశాను. ప్రస్తుతానికి స్టీలు బేసిన్లో వేసి ఉంచాను. ఇప్పుడు ఎందులో పెట్టాలి?

జువాలజీ_మాస్టారు (రాజమండ్రి) | జూన్ 10, రాత్రి 8:10

వైజాగ్ అబ్బాయి అడగకపోతే ఈ సంగతి తేలేది కాదు, నేను ఆ వైపు ఆలోచించలేదు. కాపర్ సల్ఫేట్ అంటే మన మైలుతుత్తమే. ఒకప్పుడు చెరువుల్లో నత్తల్ని చంపడానికి వాడిన మందే అది.

స్టీలు బేసిన్ రెండు మూడు రోజులకి ఫరవాలేదు. ఆ తర్వాత మట్టి ఉండాలి. నత్తకి అడుగున మట్టి అంటే అందానికి కాదు. పైలా ఎండాకాలం అందులోకే దిగి నెలల తరబడి పడుకుంటుంది. బెల్లామ్యా అందులో కుళ్లిన ఆకు, పాచి తింటుంది. వాటి నాలుక మీద వందల సన్నపళ్లుంటాయి, ఆకురాయిలా రాళ్ల మీద, ఆకుల మీద, గోడ మీద పట్టిన పాచిని గీకి తింటాయి. తళతళలాడే కొత్త తొట్టిలో వాటికి తిండే ఉండదు. మనకి మురికిగా కనిపించే ఆ పచ్చని జిగురు పొరే వాటి అన్నం.

తోటచెరువు_యూకే (బర్మింగ్‌హామ్) | జూన్ 10, రాత్రి 11:55

ఇక్కడ మా పెరట్లో చిన్న చెరువు తవ్వి ఆరేళ్లయింది, మాకు వచ్చేది లిమ్నియా స్టాగ్నాలిస్ అనే పెద్ద రకం, గుల్ల ఐదు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పైన మంచు గడ్డ కట్టినా అడుగున బతికే ఉంటాయి. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువగా కరిగి ఉంటుంది, వాటి ఒళ్లు కూడా మందగించి ఉంటుంది కాబట్టి చర్మంతో తీసుకునే కాస్త ఆక్సిజన్‌తోనే నెట్టుకొస్తాయి.

సున్నం గురించి ఒక మాట. బాయ్‌కాట్ అనే ఆయన 1936లో బ్రిటన్ మంచినీటి నత్తలు ఏయే నీళ్లలో ఉంటాయో రాస్తూ లీటరుకి 20 మిల్లీగ్రాముల కాల్షియం దగ్గర గీత గీశారు. ఆ గీతకి పైన ఉన్న నీళ్లలోనే కనిపించే రకాలు కొన్ని, కింద కూడా బతకగలిగేవి కొన్ని. నేను మొదటి రెండేళ్లు వాన నీళ్లు మాత్రమే పట్టాను, గుల్లలు కాగితంలా ఉండేవి, వేలితో నొక్కితే విరిగేవి. సున్నపురాయి ముక్కలు నాలుగు వేశాక ఆ తర్వాత పుట్టిన పిల్లల గుల్లలు గట్టిగా వచ్చాయి. పాతవాటివి మాత్రం బాగుపడలేదు. కాబట్టి ఆర్వో నీళ్లు ఇప్పుడు చంపకపోయినా రేపు పుట్టే పిల్లలకి మంచివి కావండీ.

మిద్దెతోట_విజయవాడ | జూన్ 11, ఉదయం 8:00

సున్నానికి కోడిగుడ్డు పెంకులు కడిగి ఎండబెట్టి నలిపి వేయొచ్చు, ఆయుర్వేదం అంగళ్లలో సముద్రపు నురుగు అని అడిగినా ఇస్తారు. పక్షుల పంజరాల్లో పెడతారే తెల్లటి ముక్క, అదే. కొత్త సిమెంటు తొట్టి కొంటే మాత్రం వెంటనే వాడొద్దు. కొత్త సిమెంటు నుంచి సున్నం మరీ ఎక్కువగా దిగి నీళ్లు మంటపుట్టేంత క్షారం అవుతాయి. రెండు మూడు వారాలు నీళ్లు నింపి పారబోస్తూ ఉండాలి. పాత తొట్టి దొరికితే మేలు.

మరి నా కలువ ఆకులకి చిల్లులు పడుతున్నాయి కదా, దానికి ఏం చేయాలో కూడా ఎవరైనా చెప్పండి. ఉప్పు చల్లమంటున్నారు కొందరు.

అక్వేరియం_వైజాగ్ | జూన్ 11, ఉదయం 9:26

ఉప్పు వద్దండీ, కలువే ముందు పోతుంది. మీ తొట్టిలో ఉన్నవి చిన్నవేనా? గుల్ల మొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోరు కుడివైపు ఉంటే లిమ్నియా, ఎడమవైపు ఉంటే ఫైసా. ఫైసా మనది కాదు, ఉత్తర అమెరికా నుంచి మొక్కలతో ప్రపంచమంతా పాకింది, మురికి నీళ్లలో కూడా హాయిగా ఉంటుంది. ఈ రెండూ ఎక్కువగా పాచి, పండిపోయిన ఆకులే తింటాయి. పచ్చి ఆకుని కొరికేది పైలా లాంటి పెద్దది, లేదంటే పురుగు. ఆకుల అడుగున జిగురు ముద్దల్లా గుడ్లుంటాయి, నీరు వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో పొదుగుతాయి. వారానికి రెండుసార్లు ఆ ముద్దలు గీకి తీసేయండి, పండుటాకులు పడగానే ఏరేయండి. తిండి తగ్గితే నత్తలు వాటంతటవే తగ్గుతాయి. వందలు ఉన్నాయంటే తొట్టిలో కుళ్లేది ఎక్కువగా ఉందని అర్థం.

ఓరుగల్లు_కుంట (వరంగల్ జిల్లా) | జూన్ 11, మధ్యాహ్నం 1:15

చదువుతుంటే బాధైంది, రాయకుండా ఉండలేకపోతున్న. మూడేండ్ల కింద మా ఊరి కుంట పక్కన మేపిన రెండు బర్రెలు చనిపోయినయి. దవడ కింద నీళ్లు దిగి, పారుకుంటూ, పాలు తగ్గిపోయి ఎముకల గూడైనయి. కార్జంలో జలగలు అన్నరు, నత్తల నుంచే వస్తయన్నరు. ఒక్కో బర్రె మాకు బిడ్డ లెక్క. ఇక్కడ అందరు నత్తలను బతికించుడు ఎట్ల అని మాట్లాడుతుంటే, కుంటల ఉన్నయన్నీ మైలుతుత్తం వేసి చంపాలె అనిపిస్తది నాకు.

పశువైద్యం_ఖమ్మం | జూన్ 11, సాయంత్రం 5:50

అన్నా, మీ బాధ నాకు తెలుసు. పద్నాలుగేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, వానలు తగ్గాక గొర్రెలవాళ్లు ఇదే వాపుతో వస్తారు. మీకు చెప్పింది నిజమే, కానీ అన్ని నత్తలూ కాదు. కార్జపు జలగ అంటే చెరువులో పట్టుకునే జలగ కాదు, కాలేయంలో చేరే పురుగు (లివర్ ఫ్లూక్). దానికి ఇల్లు ఇచ్చేది లిమ్నియా. గురక వ్యాధి అంటామే, పశువు ముక్కులో గడ్డలు లేచి గుర్రుగుర్రుమంటుంది, దానికి ఇండోప్లానార్బిస్ అనే చక్రంలా చుట్టుకున్న ఎర్రటి నత్త. పైలాకి ఈ రెండింటితో సంబంధం లేదు. మైలుతుత్తం వేస్తే మాత్రం అన్నీ పోతాయి, చేపలూ పోతాయి. పైగా వానాకాలం రాగానే తప్పించుకున్న నాలుగు లిమ్నియాలు మళ్లీ వందలవుతాయి. అది ఆడామగా రెండూ ఒకే ఒంట్లో ఉన్న జీవి, జత దొరకకపోయినా ఒక్కటే గుడ్లు పెట్టగలదు.

కార్జపు జలగ బతుకు చక్రాన్ని ఎక్కడ తెంపాలో చూద్దాం. జబ్బు పశువు పేడలో జలగ గుడ్లు నీళ్లలో పడతాయి. అందులోంచి వచ్చే పిల్ల ఒక రోజులోపు నత్తని వెతుక్కోవాలి, దొరక్కపోతే చస్తుంది. దొరికితే లోపల ఒక్కటి వందలుగా పెరిగి, కొన్ని వారాల తర్వాత బయటికొచ్చి గట్టు గడ్డి మీద కంటికి కనిపించనంత చిన్న గూడు కట్టి కూర్చుంటుంది. ఆ గడ్డి తిన్న పశువుకి జబ్బు. కాబట్టి నీటి అంచున మేపకుండా ఉండాలి, అక్కడ కోసిన గడ్డి పచ్చిగా వేయకూడదు, పశువులు కుంటలోకి దిగకుండా గట్టు పైన తొట్టి కట్టి నీళ్లు పెట్టాలి, పేడ కుంటలో పడనీయకూడదు. వానల ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి డాక్టర్ చేత మందు తాగించండి. ఊరంతా ఒకేసారి తాగిస్తేనే లాభం, ఒక్క ఇంటి గొడ్డు మిగిలిపోయినా అది చాలు మళ్లీ మొదలవడానికి. బాతులుంటే వదలండి, అవి నత్తల్ని బాగా తింటాయి.

కలువతొట్టి గారూ, ఇది చదివి భయపడకండి. నత్తని ముట్టుకుంటే కార్జపు జలగ రాదు. కానీ ఆ నీళ్లలో చేతులు పెట్టాక దురద రావచ్చు, వరినాట్లకి దిగినవాళ్లకి కాళ్లకి వచ్చే దురదల్లో కొన్ని ఇలాంటి నత్తల నుంచి వచ్చే పిల్లజలగలవే. బాబుని సబ్బుతో చేతులు కడుక్కోమనండి, ఆ చేతులు నోట్లో పెట్టుకోనివ్వకండి.

పిట్టలగట్టు (గుంటూరు) | జూన్ 11, రాత్రి 9:12

ఖమ్మం వారు బాతుల గురించి అన్నారు, నేను కొంగల గురించి చెప్తాను. మా గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో నత్తగుల్ల కొంగలు గూళ్లు పెడతాయి. ఆ కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, పిల్లలకి ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ ఏర్పడుతుంది. దాని ముఖ్యమైన తిండి పైలా. గుల్ల పగలగొట్టదు, ముక్కు కొనని మూత సందులోకి పోనిచ్చి కండరం కోసి మాంసం లాగేస్తుంది. గట్టు మీద కూర్చుంటే అది నత్తని నీళ్లలోనే నొక్కిపట్టి తల ఊపుతూ పని చేసుకోవడం కనిపిస్తుంది. అది ఎగిరిపోయాక అక్కడ చెక్కుచెదరని ఖాళీ గుల్ల దొరుకుతుంది. చుట్టూ వరి పొలాల్లో నత్త లేకపోతే ఆ కొంగ ఈ చెరువు మీద గూడు పెట్టి పిల్లల్ని సాకలేదు. మైలుతుత్తం మాట వినగానే నాకు ముందు గుర్తొచ్చింది అదే. ఓరుగల్లు అన్నని తప్పు పట్టడం లేదు, బర్రె పోతే ఇంట్లో ఏమవుతుందో మా ఇంట్లోనూ చూశాం.

లంకపొలం (కోనసీమ) | జూన్ 12, ఉదయం 5:45

మా వైపు వేసవిలో కాలువలు కట్టేస్తారు కదండీ, అప్పుడు మడిలో నెర్రెలు పడ్డాక దున్నితే నాగలి చాలుకి మూత బిగించుకున్న గుల్లలు పైకి వస్తాయి. చేత్తో పట్టుకుంటే రాయిలా ఉంటాయి. కాలువకి నీళ్లు వదిలి మడి తడిసిన రెండు మూడు రోజులకి అవే గట్టు వెంట పాకుతుంటాయి. చిన్నప్పుడు మా మామ్మ వాటిని ఏరి, ఒక రోజు మంచినీళ్లలో ఉంచి, బాగా ఉడకబెట్టి, మూత తీసి, అల్లం వెల్లుల్లి వేసి కూర చేసేది. ఉడకనిది ముట్టనిచ్చేది కాదు.

మీ పెద్ద నత్తలు రెండూ తడిమట్టిలో పెట్టి చూడండమ్మా. నీళ్లలో ముంచొద్దు. కుండీలో చెరువు మట్టి లేదా రేగడి వేసి తడిపి, సగం దిగేలా పెట్టి నీడలో ఉంచండి. వాటికి నచ్చినప్పుడు అవే తెరుచుకుంటాయి.

జువాలజీ_మాస్టారు (రాజమండ్రి) | జూన్ 12, ఉదయం 7:30

కోనసీమ వారి మామ్మగారు చేసిందే సరైనది. ఎలుకల ఊపిరితిత్తుల నుంచి వచ్చే ఒక సన్నపురుగుకి పైలా కూడా మధ్య ఇల్లు అవుతుంది, పచ్చిగానో సగం ఉడికించో తింటే అది మనిషి మెదడు పొరల దాకా వెళ్తుంది. బాగా ఉడికితే ప్రమాదం లేదు.

తొట్టి పెట్టేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. పైలా గుడ్లు నీళ్లలో పెట్టదు. వానాకాలం గట్టు మీదకి వచ్చి తడిమట్టిలో చిన్న గుంట చేసుకుని తెల్లటి గుడ్లు వందల్లో పెడుతుంది. కాబట్టి తొట్టిలో ఒక వైపు మట్టి నీటి మీదకి తేలేలా వాలుగా పెట్టండి. మా చిన్నప్పుడు ఏ చెరువుకైనా అలాంటి వాలు ఉండేది, గడ్డి, తూటికాడ, బురద, ఆ తర్వాత జానెడు నీళ్లు, ఆ తర్వాతే లోతు. నత్తలు బతికేది ఆ జానెడు నీళ్లలోనే, ఎండ తగిలి పాచి పెరిగేది అక్కడే కాబట్టి. ఇప్పుడు ఊళ్లలో చెరువుకి చుట్టూ నిట్టనిలువుగా రాతి గోడ కట్టి పైన నడక దారి వేస్తున్నారు. నీళ్లు నిండుగా కనిపిస్తాయి, కానీ పైలా గుడ్డు పెట్టడానికి పిడికెడు మెత్తటి మట్టి ఉండదు. నడవాలనుకునే వాళ్లని కాదనను, కనీసం ఒక వైపైనా గట్టుని వాలుగా, మట్టిగా వదిలేస్తే బాగుండునని ప్రతిసారీ అనిపిస్తుంది.

ఓరుగల్లు_కుంట (వరంగల్ జిల్లా) | జూన్ 12, రాత్రి 8:40

పశువైద్యం సారూ, గురక వ్యాధి మాట అన్నరు, మా వదిన వాళ్ల ఎద్దు కూడ అట్లనే గుర్రుమంటది, ఎవరికి అర్థం కాలే. రేపే చూపిస్తం. కుంట గట్టు మీద నీళ్ల తొట్టి కట్టుడు పెద్ద ఖర్చు కాదు, సర్పంచుతోని మాట్లాడుత.

మాస్టారు గట్టు గురించి అన్నరు కాబట్టి ఇంకోటి యాదికొచ్చింది. 2015ల మిషన్ కాకతీయ మొదలైనంక మా చెరువుల పూడిక తీసిన్రు. ఆ నల్లమట్టి పొలాలకు తోలుకున్నం, పంటకు మస్తు పనికొచ్చింది. కాని ట్రాక్టర్ల మట్టి కుమ్మరిస్తే అందుల మూత పెట్టుకున్న పెద్ద నత్తలు ఎన్నో ఉండె. ఎండకు తెల్లగ ఎండిపోయినయి. పిల్లలు ఏరుకొని ఆడుకున్నరు. ఆ తర్వాత రెండేండ్లు మా చెరువుల పెద్ద నత్త కనపడలే, చిన్నయి మాత్రం తొందరగనే వచ్చినయి. పూడిక తియ్యాలె, అందుల మాట లేదు. ఈసారి తీసేటప్పుడు అలుగు దిక్కు ఒక మూల వదిలిపెట్టమని అడుగుత.

పశువైద్యం_ఖమ్మం | జూన్ 12, రాత్రి 9:05

మంచి మాట అన్నా. మీరు చెప్పింది ఆలోచించాల్సిన విషయం, పెద్దవి పోయి చిన్నవి మిగిలాయంటే జబ్బు మోసేవే ముందు తిరిగొచ్చాయన్న మాట. ఎద్దు ముక్కు నుంచి చీమిడి ఒక శుభ్రమైన సీసాలో పట్టుకుని తీసుకెళ్లండి, సూక్ష్మదర్శినిలో గుడ్లు కనిపిస్తాయి.

కలువతొట్టి (హైదరాబాద్) | జూన్ 21, రాత్రి 10:20

అందరికీ అప్‌డేట్. మిద్దె మీద మెట్ల నీడ పడేచోట పాత సిమెంటు తొట్టి పెట్టాం, ఎనిమిదేళ్లుగా తులసి కింద వాడిందే. అడుగున నర్సరీ వాళ్ల దగ్గర తెచ్చిన చెరువు మట్టి, మాస్టారు చెప్పినట్టు ఒక వైపు వాలుగా. బోరు నీళ్లు. ఒక కలువ దుంప, గుప్పెడు నాచు. ముందు వారం నత్తల్ని వేయకుండా గోడలకి పచ్చదనం పట్టేదాకా ఆగాం, అప్పటిదాకా చిన్నవి బేసిన్లోనే ఉన్నాయి, రోజూ నీళ్లు మార్చాను. గుడ్డు పెంకుల పొడి చెంచాడు వేశాను. మధ్యాహ్నం ఎండకి తొట్టి నీళ్లు వేడెక్కుతున్నాయని పైన ఆకుపచ్చ వల కట్టారు మావారు.

చిన్నవి దాదాపు అన్నీ బతికాయి. చారలవి రెండూ ఉన్నాయి.

పెద్దవి రెండూ కుండీలో తడిమట్టిలోనే పెట్టాం. పది రోజులు ఏమీ లేదు. వాడు రోజూ ఉదయం చూసి, రాత్రి చూసి వచ్చేవాడు. నిన్న సాయంత్రం పెద్ద వాన పడింది. ఈరోజు పొద్దున్న ఒకటి కుండీ అంచు మీద ఉంది! కొమ్ములు చాపి, గొట్టం కూడా. వాడు కేక పెట్టి అందరినీ లేపాడు. రెండోది ఇంకా మూసుకునే ఉంది, వాసన మాత్రం లేదు.

లంకపొలం (కోనసీమ) | జూన్ 22, ఉదయం 5:50

చాలా సంతోషం అమ్మా. రెండోదాన్ని కదపకండి, కొన్ని ఆలస్యంగా లేస్తాయి.

కలువతొట్టి (హైదరాబాద్) | జులై 19, సాయంత్రం 4:30

రెండోది లేవలేదు. జులై మొదట్లో వాసన వచ్చింది, కలువ కుండీ పక్కనే మట్టిలో పెట్టాం.

ఇంకో సంగతి చెప్పాలని వచ్చాను. ఈరోజు మట్టి వాలు మీద చారల నత్త పక్కన జొన్నగింజంత పిల్లలు కనిపించాయి, గుల్ల, చారలు, మూత అన్నీ ఉన్నాయి. వాడు ఏడు లెక్కపెట్టాడు. గుడ్లు ఎక్కడా చూడలేదు మరి, ఎక్కడి నుంచి వచ్చాయి?

జువాలజీ_మాస్టారు (రాజమండ్రి) | జులై 19, సాయంత్రం 6:15

అమ్మా, బెల్లామ్యా గుడ్లు బయట పెట్టదు. కడుపులోనే పొదిగి, గుల్లతో సహా పూర్తిగా తయారైన పిల్లల్ని కంటుంది. మీ రెండింటిలో కనీసం ఒకటి ఆడది అన్నమాట. కాలువలో ఉన్నప్పుడే కడుపుతో ఉండి, ఇన్ని రోజులూ మోసి ఇప్పుడు కన్నదేమో. కష్టకాలంలో కనకుండా ఆపుకోవడం కూడా వీటికి ఉంది. బాబుకి చెప్పండి, భూతద్దంతో చూస్తే ఆ పిల్లల గుల్లల మీద సన్నటి వెంట్రుకల వరసలు కనిపించవచ్చు.

కలువతొట్టి (హైదరాబాద్) | జులై 19, రాత్రి 8:50

భూతద్దంతో చూశాడు మాస్టారూ, ఉన్నాయట! నోట్‌బుక్‌లో బొమ్మ గీస్తున్నాడు. ఎక్కువైతే మా ఇంటి దగ్గర చెరువులో వదలొచ్చా?

అక్వేరియం_వైజాగ్ | జులై 19, రాత్రి 9:14

వద్దక్కా. తొట్టిలో పెరిగినవి వేరే చెరువులో వదలకూడదు, వాటితోపాటు ఏం వెళ్తుందో మనకి తెలియదు. నర్సరీ మట్టితో, కలువ దుంపతో ఫైసా ఒకటి వచ్చి ఉన్నా చాలు. దక్షిణ అమెరికా నుంచి తైవాన్‌కి తినడానికని తెచ్చిన పొమేసియా నత్త ఇలాగే తూర్పు, ఆగ్నేయాసియా దేశాల్లో చాలా వరి పొలాల్లోకి పాకి నారుని కొరికేస్తోంది. తొట్టికి ఎక్కువైతే తెలిసినవాళ్ల తొట్టెలకి ఇవ్వండి.

కలువతొట్టి (హైదరాబాద్) | జులై 20, ఉదయం 7:10

సరే తమ్ముడూ, చెరువులో వదలం. వాడి క్లాసులో ఇద్దరు అప్పుడే అడిగారట. వాళ్లిద్దరినీ ముందు తొట్టిలో మట్టి వేసి, గోడలకి పాచి పట్టాక రమ్మన్నాడు.